రేపు తెస్తానన్న ఫ్యూజు

రాదిసావ్ పింగాణీ ఫ్యూజును అరచేతిలో రెండుసార్లు తట్టి, కిటికీ వెలుతురుకు పట్టి చూశాడు. కొసన ఉండాల్సిన నీలం చుక్క ఎప్పుడో రాలిపోయింది, అంటే ఫ్యూజు కాలిపోయినట్టే. ఒక చివర నుంచి మరో చివరకు దాని నడుం మీదుగా రాగి పోగు బిగించి ఉంది. టేబుల్ లైటు తీగలోంచి పీకిన పోగు. ఎవరు చుట్టారని అడగక్కర్లేదు, ఆ మెలిక తనదే. ఏ మేస్త్రీ పనిని ఆ మేస్త్రీ ఇట్టే గుర్తుపడతాడు.

"ఏం మేస్త్రీ, అంతసేపు చూస్తున్నావు? నీ జాతకం ఏమన్నా రాసుందా దానిమీద?" అన్నాడు ఆ ఇంటాయన మోమిర్. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన మనిషి. బనియను మీద కోటు తగిలించుకుని వంటింటి గుమ్మానికి ఆనుకుని ఉన్నాడు.

"మారుస్తాను. కొత్తది వేస్తాను."

"ఇవాళా? తెల్లారితే క్రిస్మస్. నడుస్తున్నదాన్ని కెలకడం దేనికయ్యా!"

"తనిఖీ. పండగ తనిఖీ."

అక్కడ పాత పంచాంగం ప్రకారం క్రిస్మస్ జనవరి ఏడున వస్తుంది. పండగ తనిఖీ అనేది మాత్రం లోకంలో ఎక్కడా లేదు. పొద్దున ఏడింటికి మొదటి తలుపు తట్టినప్పుడు నోటికొచ్చిన అబద్ధం అది. అప్పట్నుంచి ఆరిళ్లలో అదే అప్పజెప్పాడు. నిజం చెప్పడానికి ముఖం చెల్లలేదు.

ఫ్యూజు పోతే కొత్తది కొనాలన్నది పుస్తకాల్లో మాట. మొరావా నది ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో మాత్రం తీగ చుడతారు. ఆదివారం కొట్లు మూసి ఉంటాయి, పండగకి అసలే తెరవరు. పొయ్యిలో చేప సగం ఉడికి ఉంటుంది, చుట్టాలు కోట్లు విప్పేసి కూర్చుని ఉంటారు. మేస్త్రీ వచ్చి ఒక పోగు చుట్టి పెడతాడు, దీపాలు వెలుగుతాయి, అందరూ చప్పట్లు కొడతారు. భారం ఎక్కువైనప్పుడు తాను కాలిపోయి ఇంటిని కాపాడటమే ఫ్యూజు చేసే పని. తీగ చుట్టిన ఫ్యూజు కాలదు. మొహమాటస్తుడిలా ఎంతైనా మోస్తుంది. దాని బదులు గోడలోని తీగలు కాలతాయి.

ఈ సంగతి ఆ ఊళ్లో అందరికంటే బాగా తెలిసినవాడు రాదిసావే. ముప్పై నాలుగేళ్లుగా అక్కడి తొమ్మిది అపార్టుమెంటు భవనాల కరెంటు చూసేది అతనే. బోర్డుల వైపు చూసి చూసి మెడ ముందుకు సాగిపోయిన పొడుగాటి మనిషి. కుడి బొటనవేలి గోరు ఎన్నో ఏళ్ల కిందట నల్లబడి అలాగే ఉండిపోయింది. మాట్లాడేటప్పుడు ఎదుటివాళ్ల మొహంలోకి కాక భుజంలోకి చూస్తాడు. "నీకు 'కుదరదు' అనే మాట నోరు తిరగదు," అనేది అతని భార్య. ఆమె పోయి నాలుగేళ్లయినా అతనికి ఆ మాట నోరు తిరగలేదు. బంగారంలాంటి చెయ్యి అంటారు జనం. ఆ పొగడ్త కోసమే చుట్టాడని ఒప్పుకోవడానికి అతనికి ఈ మధ్యదాకా పట్టింది.

పోయిన వారం నది అవతల ఒక ఇల్లు తగలబడింది. మనుషులు బయటపడ్డారు గానీ మిగిలినవి నల్లటి గోడలే. ఫ్యూజుకు తీగ చుట్టి ఉందట. రొట్టెల కొట్టు దగ్గర వరుసలో ఒకావిడ, "ఏ పశువు చేశాడో, వాడి చేతులు పడిపోను," అంది. ఆ ఇంటి గడప రాదిసావ్ ఎన్నడూ తొక్కలేదు. అయినా గుమ్మడికాయల దొంగలా చేతులు జేబుల్లో దాచుకుని, రొట్టె తీసుకోకుండానే ఇంటికి వచ్చేశాడు. ఆ రాత్రి కాగితం మీద తాను తీగ చుట్టిన ఇళ్ల పేర్లు రాసుకున్నాడు. పదమూడు గుర్తొచ్చాయి. గుర్తురానివి ఎన్నో తలుచుకుంటే సిగ్గుతో ఒళ్లంతా కుంచించుకుపోయింది.

"జరగండి జరగండి!" మోమిర్ భార్య జాగోర్కా చంకలో గడ్డి మోపుతో వచ్చింది. బల్ల కింద, కుర్చీల కింద పిడికెళ్లతో చల్లుతూ కోడిపెట్టలా కొక్కొక్కొ అంటోంది. వెనకే ముగ్గురు మనవలు కోడిపిల్లల్లా పియ్ పియ్ అంటూ పాకుతున్నారు. పండగ ముందు రోజు ప్రతి ఇంట్లో ఉండే గోలే. చల్లుకుంటూ చల్లుకుంటూ ఆమె హీటరు దాకా వెళ్లింది.

"హీటరు పక్కన గడ్డి వేయకమ్మా," అన్నాడు రాదిసావ్.

"క్రీస్తు పుట్టింది గడ్డిలోనేగా మేస్త్రీ, ఆయనకేమన్నా అయిందా?"

"ఆయన పుట్టిన పాకలో హీటరు లేదు."

మోమిర్ పగలబడి నవ్వాడు. రాదిసావ్ నవ్వలేదు. వంగి గడ్డిని కాలితో కాక చేతులతో, పుల్ల పుల్లా ఏరి బల్ల కిందికి జరిపాడు. కొత్త ఫ్యూజు బిగించి మెయిన్ వేశాడు. ఓవెన్‌లో చిక్కుడుగింజల కూర, గోడ వారగా హీటరు, రెండూ నడుస్తున్నాయి. పావుగంట కాకుండానే టప్‌మని కరెంటు పోయింది.

"ఇదా నీ తనిఖీ!" అన్నాడు మోమిర్. "మంచి మేస్త్రీవనుకున్నాం. ముసలితనం వచ్చి చెయ్యి పాడైంది నీకు. ఆ తీగే మళ్లీ చుట్టిపో, గొడవ వదిలిపోతుంది."

"చుట్టను. ఒకటి ఆపి ఒకటి పెట్టుకోండి."

"పండగ పూట ఇదొకటా!"

రాదిసావ్ చెవులు ఎర్రబడ్డాయి. మామూలుగా అయితే ఈపాటికి చెయ్యి తీగ కోసం సంచిలోకి వెళ్లేది. ఇవాళ మరో రెండు ఫ్యూజులు తీసి బల్ల మీద పెట్టి, ఓవెన్ ఆపేసి, ఇంకోటి బిగించాడు. గుమ్మం దాటుతుంటే వెనక నుంచి జాగోర్కా మాట వినబడింది, "ఆడదిక్కు లేని ఇల్లు కదా, ఆయనకేం తెలుస్తుంది పండగంటే." మెల్లగానే అంది పాపం. అతనికి మాత్రం మెల్లగా వినబడలేదు.

మధ్యాహ్నం దాటేసరికి పన్నెండిళ్లు అయ్యాయి. కొందరు తిట్టారు, కొందరు ఎండు రేగుపళ్లు పెట్టారు. ఒకాయన తలుపే తీయలేదు, బతిమాలితే తీశాడు. పదమూడోది లెపోసావ ఇల్లు. కాగితం మీద రాసుకున్నప్పుడు మొదట గుర్తొచ్చిన పేరు అదే. అందుకే దాన్ని ఆఖరికి ఉంచుకున్నాడు.

ఎనభై నాలుగేళ్ల ఒంటరి ముసలావిడ. డిసెంబరు పంతొమ్మిదిన, ఇంటి దేవుడు నికోలా పండగనాడు, ఆమె ఇంట్లో పదకొండు మంది చుట్టాలుండగా కరెంటు పోయింది. రాదిసావ్ పరుగున వెళ్లాడు. సంచిలో ఫ్యూజు లేదు. ఒకటి కాదు, మూడు పోగులు కలిపి చుట్టాడు, మళ్లీ పోకూడదని. చుట్టాలందరూ ఆహా అన్నారు. "రేపు కొత్తది తెస్తాను పెద్దమ్మా," అని వచ్చేశాడు. మర్నాడు మరచిపోయాడు. ఆ మర్నాడు గుర్తొచ్చింది గానీ కొట్టులో ఆ సైజు లేదు. నాలుగో రోజు ఫ్యూజు దొరికింది. ఇన్ని రోజులు ఏం చేశావంటే ఏం చెప్పాలో దొరకలేదు. ఆ తర్వాత ఆమె మెట్ల వైపు వెళ్లడమే మానేశాడు. పాలు కొనడానికి చుట్టుతిరిగి పోయేవాడు. ఒక ఫ్యూజు మార్చడానికి వెళ్లలేక దాక్కుని తిరిగిన మగాణ్ణి తలుచుకుంటే అతనికే అసహ్యం వేసింది.

కింద నిలబడి నాలుగో అంతస్తు కిటికీ చూశాడు. పొగ లేదు, మసి లేదు. గుండె కుదుటపడింది. మిగతా ఇళ్ల అద్దాలన్నీ ఆవిరి పట్టి ఉన్నాయి, ఆమెది ఒక్కటే మంచు పట్టి తెల్లగా ఉంది. దాన్ని గురించి ఆలోచించలేదు. మెట్లెక్కుతూ, ఇక్కడ తనిఖీ అని చెప్పకూడదనుకున్నాడు. తప్పయిపోయింది పెద్దమ్మా, అని ఉన్నదున్నట్టు చెప్పేయాలి. మూడో అంతస్తులో ఆగి ఒకసారి పెదాలు కదిపి అని కూడా చూసుకున్నాడు.

తలుపు ఓరగా తీసి ఉంది. లోపల పక్కింటి స్తమెంకా బీరువా ముందు మోకాళ్ల మీద కూర్చుని ఏదో వెతుకుతోంది. కోటు, టోపీ, చేతులకు ఉన్ని తొడుగులు. నోట్లోంచి ఆవిరి వస్తోంది.

"వచ్చారా మేస్త్రీ," అంది తలెత్తి. కళ్లు ఉబ్బి ఉన్నాయి. "పెద్దమ్మ పోయింది. తెల్లవారుజామున ఆసుపత్రి నుంచి ఫోన్ చేశారు. పోయాక తొడగమని తను కట్టి పెట్టుకున్న బట్టల మూట ఇక్కడే ఎక్కడో ఉండాలి, దొరకట్లేదు."

రాదిసావ్ టోపీ తీశాడు. "ఏమైంది?"

"నెమ్ము చేసింది. మొన్న అంబులెన్సులో తీసుకుపోయాం. చూస్తున్నారుగా ఇల్లు ఎలా ఉందో. ఎలా బతుకుతారండీ ఇందులో మనుషులు?"

గది మూల హీటరు ఉంది. బీరువా అంత ఇనప పెట్టె, నిండా వేడిని పట్టి ఉంచే ఇటుకలు. రాదిసావ్ దాని మీద చెయ్యి వేశాడు. నూతి రాయిలా చల్లగా ఉంది.

"హీటరు పాడైందా?"

"పాడవలేదు. వేసుకోలేదు, అంతే," అంది స్తమెంకా. "నేను పోరుపెట్టాను. మా ఇంటికి రమ్మన్నాను. వచ్చి గంట కూర్చుని, ఎవరికీ భారం కాకూడదని లేచిపోయేది. వేసుకో పెద్దమ్మా అంటే ఒకటే మాట, 'మేస్త్రీ వద్దన్నాడు. తీగ చుట్టింది కదా, కొత్త ఫ్యూజు పెట్టేదాకా హీటరు ముట్టుకోవద్దన్నాడు. రేపు వస్తాడు.' ఫోన్ చేస్తానంటే చేయనిచ్చేది కాదు. పండగ రోజులు, ఆయనకు ఎన్ని పనులుంటాయో అనేది."

అన్నాడు. నిజంగానే అన్నాడు. 'దీపాల వరకే, హీటరు పెట్టొద్దు,' అని తీగ చుట్టిన ప్రతి ఇంట్లో, సంచి సర్దుకుంటూ అంటాడు. తుమ్మితే చిరంజీవ అన్నట్టు అనే మాట. సరే సరే అంటారు జనం, అతను మెట్లు దిగేలోపే అన్నీ వేసేస్తారు. ముప్పై నాలుగేళ్లలో ఒక్కరూ వినలేదు. వింటారని అతనూ ఎప్పుడూ అనుకోలేదు. ఈ ఒక్క మనిషి వింది. ఆసుపత్రికి పోయేదాకా, పదహారు రోజులు వింది.

నిప్పు గురించి భయపడుతూ వచ్చాడు అతను. చలి గురించి ఎవరు తలుస్తారు?

"స్తమెంకా," అన్నాడు. మెట్ల మీద పెదాలతో అనుకున్న మాటలు ఒక్కటీ రాలేదు. "మర్నాడు తెస్తానన్నాను. తేలేదు. తర్వాత... సిగ్గేసి రాలేదు. నా వల్లే పోయింది ఆవిడ."

స్తమెంకా మోకాళ్ల మీదే అతని వైపు తిరిగింది. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండుననుకున్నాడు.

"ఆవిడ మిమ్మల్ని ఒక్క మాట అనలేదు మేస్త్రీ," అంది. "పైగా మెచ్చుకునేది. 'అందరూ చుట్టి పోతారే, జాగ్రత్త చెప్పింది ఈయనొక్కడే' అనేది."

రాదిసావ్‌కు తల కొట్టేసినట్టయింది. ముసలావిడ లేని ఇంట్లో, ఆమె గోడల మధ్య, తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియక హీటరు వైపు తిరిగి నిలబడ్డాడు.

"పరామర్శకు ఆడవాళ్లు వస్తారు, కూర్చోవడానికి," అంది స్తమెంకా, మూట దొరికి లేస్తూ. "మేనల్లుడు నీష్ పట్నం నుంచి బయల్దేరాడు. ఈ చలిలో ఎవరూ కూర్చోలేరు. ఇప్పుడన్నా పెట్టుకోవచ్చా దాన్ని?"

"పెట్టుకోవచ్చు," అన్నాడు.

నడవలోకి వచ్చాడు. ఫ్యూజుల బోర్డు గుమ్మం పైన, ఎత్తులో ఉంది. సరిగ్గా దాని కింద ఒక పొట్టి స్టూలు వేసి ఉంది.

"మర్నాడు పొద్దున్నే వేసింది అది, మీకోసం," అంది వెనక నుంచి స్తమెంకా. "బూట్లు విప్పే శ్రమ లేకుండా ఎక్కుతారని కాగితం పరిచింది. నడవలో అడ్డంగా ఉంది, తీసేయమన్నా తీయలేదు."

రాదిసావ్ స్టూలు ఎక్కలేదు. దాన్ని జరపనూ లేదు. దాని పక్కన గోడకు ఆనుకుని, మునివేళ్ల మీద లేచి, నొప్పెట్టే మెడ సాచి, మూడు పోగుల ఫ్యూజును తిప్పి తీశాడు. కొత్తది బిగించాడు. గదిలో హీటరు చిన్నగా చిటపటమంది, ఇటుకలు వేడెక్కడం మొదలైంది. స్తమెంకా తొడుగులు విప్పింది.

అతను సంచి భుజాన వేసుకుని, ఎవరికీ చెప్పకుండా మెట్లు దిగిపోయాడు. బోర్డు కింద స్టూలు ఉన్నచోటే ఉంది. దాని మీద డిసెంబరు ఇరవయ్యో తారీఖు పత్రిక పరిచి, జారిపోకుండా నాలుగు మూలలా దారంతో కట్టి ఉంది; దాని మీద ఎక్కడా ఒక్క బూటు మరక లేదు.