పాటకు ముందు దడ

ఈసీజీ బాగానే ఉందన్నారు. కృపకు నచ్చనిది అదే. అంత బాగున్న గుండె ఆదివారం చర్చిలో పూజ మధ్యలో అలా ఎందుకు పరుగెత్తిందో ఆస్పత్రిలో ఎవరూ చెప్పలేదు. గ్యాస్ అయ్యుంటుందని ఒక మాత్ర రాసిచ్చి పంపేశారు.

ఆ రోజు గుడి పైవసారాలో గాయక బృందంతో నిలబడి పాడుతుండగా కరెంటు పోయింది. రెండో పాటలో దడ మొదలైంది. వేళ్ళు తిమ్మిరెక్కాయి, పెదాల చుట్టూ చీమలు పాకినట్టయింది. చచ్చిపోతున్నాననే అనుకుంది. పాటలు నేర్పే సంజీవరావు మాస్టారు పక్కకొచ్చి, "ఊపిరి నిండా తీసుకో అమ్మా, పొట్టలోంచి తీసుకో" అన్నారు. ఏళ్ళ తరబడి ఆయన దగ్గర నేర్చుకున్నది అదే కనుక ఆమె నిండా తీసుకుంది. మళ్ళీ మళ్ళీ తీసుకుంది. తీసుకున్నకొద్దీ కళ్ళు తిరిగాయి.

ఇప్పుడు ఆడపడుచు స్టెల్లా పెళ్ళి దగ్గరపడింది. పెళ్ళికూతురు గుడిలోకి నడిచొచ్చేటప్పుడు ఒక్కతే పాడాల్సింది కృప.

"నువ్వు పాడకపోతే నేను కారు దిగను వదినా," అంది స్టెల్లా.

"మధ్యలో పడిపోతే?"

"పడిపో. నా పెళ్ళి వీడియో వైరలవుద్ది."

కృప నవ్వింది గానీ ఊఁ అనలేదు. మాటిచ్చి గుడి మధ్యలో ఆగిపోవడం కంటే ముందే కాదనడం మర్యాద. అయితే కాదనడానికైనా తనకు వచ్చిందేమిటో తెలియాలి కదా అనిపించి, వీధి చివర క్లినిక్‌లో డాక్టర్ సబీహా దగ్గరికి వెళ్ళింది. భర్త అంతోని ఆటోనగర్‌లో తన స్పేర్ పార్ట్స్ షాపు వేళకు ముందే కట్టేసి తోడొచ్చాడు.

సబీహా పరీక్షల కాగితాలన్నీ చూసింది. నాడి చూసింది. జరిగిందంతా అడిగి తెలుసుకుని, "ఆ రోజు ఎలా ఊపిరి తీసుకున్నారో అలాగే ఇప్పుడు తీసుకోండి. నేనిక్కడే ఉన్నాగా," అంది.

కృప తీసుకుంది. కాసేపటికే వేళ్ళ చివర్లు జిల్లుమన్నాయి.

"ఇదే డాక్టర్ గారూ! అచ్చం ఇదే!"

"దీన్ని పానిక్ ఎటాక్ అంటారండి. ఇక ఆపి మామూలుగా ఊపిరి తీసి వదలండి. ప్రమాదం అనుకోగానే ఒంట్లో అడ్రినలిన్ ఊరుద్ది. పరిగెత్తాలంటే కాళ్ళకి రక్తం కావాలిగా, అందుకని గుండె వేగం పెంచుద్ది. ఊపిరీ పెరుగుద్ది. మీరేమో పరిగెత్తట్లేదు, కదలకుండా నిలబడ్డారు. అవసరానికి మించి ఊపిరాడితే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గిపోద్ది. తిమ్మిర్లు, కళ్ళు తిరగడం దానివల్లే. అవి చూసి ఇంకా భయపడ్డారు. భయపడితే మళ్ళీ అడ్రినలిన్."

"అంటే బండి న్యూట్రల్‌లో పెట్టి యాక్సిలరేటర్ తొక్కినట్టు," అన్నాడు అంతోని.

"అంతే. ఇంజన్ బాగానే ఉంది. మోత ఎక్కువ."

"మా ఆవిడ మోత మీకు తెలీదు లెండి."

కృప అతనివైపు ఒక్క చూపు చూసి డాక్టర్ వైపు తిరిగింది. "మరి ముందు భయమెందుకు వేసిందండీ? నేను దేనికీ భయపడలేదే."

"ఒక్కోసారి భయం వెనకొస్తుంది. పొద్దున ఏం తిన్నారు?"

ఏమీ తినలేదు. పూజలో ఫాదర్ చేతి సత్ప్రసాదం తీసుకునే రోజు ముందు రాత్రి నుంచే ఏమీ ముట్టకపోవడం అత్తగారు శౌరమ్మ పద్ధతి. గంట ముందు మానేస్తే చాలని ఫాదర్ ఎంత చెప్పినా ఆ ఇంట్లో అదే సాగుతోంది.

"ఖాళీ కడుపు, ఉక్క, మెట్లెక్కిన ఆయాసం. గుండె కాస్త వేగంగా కొట్టుకుంది. మీరు దాన్నే ప్రమాదం అనుకుని ఉంటారు. కొందరికి ఈ మాత్రం కారణం కూడా దొరకదు."

"మళ్ళీ వస్తుందా?"

"రావచ్చు. వచ్చినా కాసేపుండి పోద్ది. ఊపిరి కొంచెంగా తీసుకోండి, మెల్లగా, పొడుగ్గా వదలండి. తరచూ వస్తుంటే మాత్రం రండి, దానికి వైద్యముంది."

రాదని డాక్టర్ చెప్పి ఉంటే కృప నమ్మేది కాదు. ఇంటికి రాగానే స్టెల్లాకు సరేనంది.

పెళ్ళినాటి పొద్దున అత్తగారే ఇడ్లీ పళ్ళెం తెచ్చి ముందు పెట్టింది.

"అత్తయ్యా, ఇవాళ..."

"తినవే. గంట ముందు మానేస్తే చాలన్నారుగా ఫాదర్. ఉపవాసం నేనుంటాలే, నేనేమన్నా పాడాలా?"

హనుమాన్ జంక్షన్‌లో పెళ్ళికొడుకు వాళ్ళ గుడి నిండిపోయింది. కీబోర్డు మోగింది. తలుపు దగ్గర స్టెల్లా తెల్లచీరలో కనిపించగానే కృప గుండె మళ్ళీ పరుగందుకుంది. చెవుల్లో కూడా వినిపిస్తోంది. ఛాతీ అలవాటుగా నిండా ఊపిరి కోసం పైకి లేవబోయింది. ఆమె లేవనివ్వలేదు. కొట్టుకుంటే కొట్టుకోనీ అనుకుని, చిటికెడు ఊపిరితో మొదటి మాట అందుకుంది. గొంతు సన్నగా వచ్చింది. వాక్యాన్ని చివరిదాకా సాగదీసి ఊపిరంతా వదిలేసింది. తర్వాతి వాక్యం మధ్యలో, ఆగకూడని చోట ఆగింది. కీబోర్డు పక్కన నిలబడ్డ మాస్టారి కనుబొమలు పైకి లేచాయి. లేవనీ. స్టెల్లా సగం దారి నడిచింది. గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది, పాటా సాగుతూనే ఉంది, రెండూ ఒకదానికొకటి అడ్డం రావడం లేదు.

భోజనాల దగ్గర స్టెల్లా ఆమె చెవిలో, "రెండో చరణంలో ఒక ముక్క మింగేశావ్," అంది.

"తెలుసు," అని కృప బిర్యానీ ఇంకొంచెం వడ్డించమంది.