సాన మీద చంద్రశిల

నేను ఒక రాయిని. నిమ్మకాయంత ఉంటాను, బొగ్గులా నల్లగా ఉంటాను. అయినా ముక్కు విరవకండి. మీరు వెన్నెల అని మురిసిపోయేది మా పుట్టింటి వెలుగు చూసే.

మా చంద్రుడు పుట్టిన కొత్తలో ఒళ్లంతా కరిగిన రాయే. అది చల్లారుతుంటే, కాచిన పాల మీద మీగడ కట్టినట్టు, తేలికైన తెల్లటి స్ఫటికాలు పైకి తేలి పెంకులా గట్టిపడ్డాయి. ఆ పెంకులో పుట్టాను. తెల్లగా ఉండేదాన్ని. ఆ సుఖం ఎంతోకాలం సాగలేదు. ఆకాశంలోంచి జిల్లాలంత బండలు వచ్చి పడ్డాయి! ఒక్కో దెబ్బకు రాష్ట్రమంత గుంట పడింది, చుట్టూ పర్వతాలు వలయాలుగా లేచాయి, పెంకు లోలోతుల దాకా బీటలు వారింది. పెంకు పలచబడిన చోట, తర్వాతెప్పుడో లావా పొంగి ఆ గుంటల్ని నింపింది. కుందేలని మీరు పిల్లలకు చూపించే నల్లమచ్చ అదే.

నేను ముక్కలయ్యాను. పక్కవాళ్ల ముక్కలతో కలిసి, ఆ దెబ్బల వేడికే అతుక్కుని మళ్లీ రాయినయ్యాను. మళ్లీ పగిలాను, మళ్లీ అతుక్కున్నాను. చివరికొక దెబ్బ నన్ను చంద్రుడి మీంచే విసిరేసింది. భూమి గాలిలో ఒళ్లు కాలి నల్లబడి, ఎడారి ఇసుకలో పడ్డాను. ఒంటెలవాడి సంచిలోంచి వర్తకుడి గాజు బీరువాలోకి, అక్కణ్ణించి రాజమండ్రిలో ఫణీంద్ర చేతికి వచ్చాను. అతను నన్ను పెళ్లికానుకగా భార్య నీలవేణికి ఇచ్చాడు. భూగర్భశాస్త్రం చదివిన ఆ పిల్ల, నెక్లెసు చూసి కూడా అంత గెంతలేదు. పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన నన్ను పెట్టుకుని కబుర్లు చెప్పేది.

అంతలో అత్తగారు రాజ్యలక్ష్మమ్మ సిద్ధాంతిగారికి కొడుకు జాతకం చూపించారు. చంద్రుడు నీచంలో ఉన్నాడట, ముత్యం ఉంగరం పెట్టించమన్నారట. "ముత్యమెందుకూ, అసలు చంద్రుడి ముక్కే ఇంట్లో ఉండగా!" అనుకున్నారావిడ. కోడలు స్నానానికి వెళ్లగానే నన్ను కొంగున ముడేసుకుని, రాళ్లు సానపట్టే ఖాదర్ కొట్టుకు నడిచారు.

"నల్లతోలు తీసేసి, గుంటల్లేకుండా నున్నగా చేసేస్తానమ్మా. ఉంగరానికి సరిపడా మిగులుద్ది, తక్కిందంతా పొడే" అన్నాడు ఖాదర్.

సాన తిరిగింది. నా మూల ఒకటి గీసుకుంది. అప్పుడే, కాఫీ గ్లాసు పక్కన నేను లేకపోవడం చూసిన నీలవేణి, అత్తగారు ఎక్కడికెళ్లారో మొగుణ్ణి అడిగి, అతనిచేత బండి తీయించి, తడిజుట్టుతోనే కొట్టు ముందు దిగింది.

"ఆపండి భాయ్!"

"నీ మొగుడి మంచికేనే. రాయి రాయని ఆ పరుగేంటి?" అన్నారు అత్తగారు.

"ఆ గుంటలూ అతుకులూ తీసేస్తే ఇంక చంద్రుడెక్కడ మిగుల్తాడు అత్తయ్యగారూ? ఆయన ఒళ్లంతా దెబ్బలేగా! అన్ని తిని కూడా ఊరందరికీ వెన్నెల కాసేవాడు, మీ అబ్బాయి జాతకంలోకొచ్చేసరికి నీరసపడిపోయాడా?"

ఖాదర్ నవ్వాపుకోలేక సాన ఆపేశాడు.

"మాటలకేం తక్కువలేదు. మరి వాడి వేలికేం పెట్టమంటావు?"

"పెళ్లిలో ఆయన చిటికెనవేలు నాచేత పట్టించింది మీరేగా. నేనింకా వదల్లేదు."

ఫణీంద్ర చెవులు ఎర్రబడ్డాయి. "సిగ్గులేని పిల్ల!" అంటూ అత్తగారు నవ్వు దాచుకుని, నన్ను కోడలి చేతిలో పెట్టారు. "ఖాదరూ, ఓ మంచి ముత్యం చూపించు."

ఇప్పుడు వంటింటి కిటికీలో ఉంటున్నాను. సాన గీసిన చోట, నేను పుట్టినప్పటి తెలుపు చిన్నగా మెరుస్తోంది. అది చూసి నీలవేణికి రోజూ పండగే. నేను మాత్రం దాన్నీ నా దెబ్బల్లోనే కలుపుకున్నాను. జిల్లాలంత బండలు పడ్డా పోనిదాన్ని, సానకు పోతానా? ఇంకెవరికైనా నన్ను నున్నగా చెయ్యాలనుంటే రండి. చేతులు మాత్రం జాగ్రత్త!