ఒకపక్క కూర్చున్న దారి

“ఎనక కూసునేటోళ్ళకు నచ్చిందా అని ఎవలన్న అడుగుతరా వదినె? నడిపేటోళ్ళకు నచ్చాలె. గంతే,” అన్నాడు బుచ్చిరాములు, శంకరవ్వ ఇచ్చిన జొన్నరొట్టె మడత అందుకుంటూ.

లక్సెట్టిపేట నుంచి కరీంనగర్ పోయే బస్సులో ముగ్గురూ ఒకే సీట్లో ఇరుక్కొని కూర్చున్నారు. కిటికీ పక్కన శంకరవ్వ కూతురు నవనీత, నడుమ శంకరవ్వ, అంచున ఆమె మరిది బుచ్చిరాములు. తెల్లవారకముందే లేచి ముగ్గురికీ రొట్టెలు కాల్చి, ఉల్లికారం నూరి, డబ్బాలో సర్దింది శంకరవ్వే. కరీంనగర్‌లో మోటారుబండి కొనేది నవనీత. ఇద్దరు ఆడవాళ్ళే పోతే షాపువాళ్ళు మోసం చేస్తారని వెంట వచ్చింది బుచ్చిరాములు. రమ్మని ఎవరూ అనలేదు. అన్న పోయినప్పటి నుంచి ఇలాంటి పనులకు పిలవకుండానే వచ్చి నిలబడటం తన బాధ్యత అనుకుంటాడు, అంతే. అతని మాటకు శంకరవ్వ నవ్వింది. నవ్విందే గానీ, ఆ మాట రొట్టెలో రాయిలాగా పంటికింద ఉండిపోయింది.

పెళ్ళయిన నాటి నుంచి భర్త కైలాసం చనిపోయేదాకా ఆమె బండి వెనకే కూర్చుంది. ఆయన సిరిసిల్ల నుంచి చీరలు తెచ్చి, మూటలు బండికి కట్టుకొని ఊరూరా తిరిగి అమ్మేవాడు. ఆ చీరలకు ఫాల్ కుట్టింది ఆమె. ముడతలు పోయేలా ఇస్త్రీ చేసి, మడతపెట్టి, మూట కట్టింది ఆమె. పొద్దున్నే బండి తుడిచింది, దసరాకు దానికి పసుపు పూసి బంతిపూల దండ వేసింది కూడా ఆమే. ఎవరైనా అడిగితే మాత్రం, “మా ఇంటామె ఏం పని చెయ్యది, ఇంట్లనే ఉంటది” అని ఆయన చెప్పేవాడు, అదేదో ఆమెకు చేస్తున్న గౌరవం లాగా. చెడ్డవాడు కాదు. బండి మీద పోతుంటే మలుపు దగ్గర ఒక చెయ్యి వెనక్కి చాపి, ఆమె ఉందో లేదో తడిమి చూసుకొనేవాడు. ఆ చెయ్యి కోసమే ఆమె ఎన్నో మాటలు మరిచిపోయింది.

ఒకటి మాత్రం మరవలేదు. పెళ్ళయిన కొత్తలో ధర్మపురి పోతున్నప్పుడు ఆమె బండికి అటొక కాలు, ఇటొక కాలు వేసి ఎక్కింది. పుట్టింట్లో బర్రె మీద అట్లనే కూర్చొని వాగుకు తోలుకుపోయేది, ఇంకోలా కూర్చోవాలని ఆమెకు తెలియదు. ఊరి పొలిమేర దాటాక ఆయనకు తెలిసింది. బండి ఆపాడు. “దిగు. మొగోని లెక్క గా కూసునుడేంది? ఎవలన్న చూస్తే నా ఇజ్జత్ పోదా?” కోపంగా కూడా అనలేదు, చిన్నపిల్లకు చెప్పినట్టు అన్నాడు. ఆమె దిగి, మళ్ళీ ఎక్కి, రెండు కాళ్ళూ ఎడమ పక్కకు వేలాడేసి కూర్చుంది. ఇంటికి వచ్చాక ఆ సంగతి విని అత్త, కాళ్ళు దగ్గర పెట్టుకోవడం రాని పిల్లను చేసుకొచ్చామని వాకిట్లో అందరికీ చెప్పింది. ఆ రోజు నుంచి దారంటే ఆమెకు ఎడమ పక్కన జారిపోయే గోడలు, పత్తిచేలు, కిలోమీటరు రాళ్ళు. ముందు ఏముందో ఆయనకే తెలుసు. ఏ ఊరొస్తుందని అడిగితే, “వచ్చినంక చెప్త, సక్కగ కూసో” అనేవాడు. ఆమెకు అప్పుడు చదువు రాదు కనుక రాళ్ళ మీది పేర్లు ఆమెకు పనికిరావు. ఆయన పోయాక, వాడకట్టు ఆడవాళ్ళకు సాయంత్రం పూట నడిపిన బడిలో అక్షరాలు దిద్దింది. బస్టాండులో నిలబడి బస్సుల బోర్డులు కూడబలుక్కొని చదవడం ఆమెకు ఇప్పటికీ పండుగ లాంటిది.

నవనీత ఉట్నూర్ అవతల అడవి ఊర్లలో నర్సమ్మ. టీకాల డబ్బా భుజానికేసుకొని గూడేలు తిరగాలి. దారులన్నీ రాళ్ళు, నడుమ చిన్న వాగుల్లాంటి ఒర్రెలు. ఉన్న స్కూటర్ కడుపు రాళ్ళకు తగిలి రెండుసార్లు పగిలింది. వానాకాలం ఒర్రెలో అది ఆగిపోతే, ఒక చేత్తో డబ్బా పైకెత్తి, ఇంకో చేత్తో బండి నెట్టుకొచ్చిందట. ఆ సంగతి తల్లికి చెప్పలేదు. ఎవరో తీసిన ఫోటో ఫోన్‌లో తిరిగి తిరిగి శంకరవ్వ దాకా వచ్చింది. “అడ్వెంచర్ బండి కొంటనే అవ్వా,” అంది నవనీత ఆ తర్వాత. అంటే ఏమిటని అడిగితే, “రోడ్డు లేని కాడికి పొయ్యే బండి” అంది. పెద్ద పెద్దవి ఉంటాయి, అవి వద్దు. తెరలూ మెరుపులూ ఏమీ లేకుండా, ఎత్తుగా, చెడిపోతే ఉట్నూర్ మెకానిక్ కూడా విప్పి బిగించగలిగే మామూలు బండి చాలు, తన జీతానికి అందేది.

ఇంకో కోరిక కూడా ఉంది. తల్లి లక్సెట్టిపేటలో ఒక్కతే ఉంటుంది. తన దగ్గరికి వచ్చి ఉండమని నవనీత ఎన్నాళ్ళ నుంచో అడుగుతోంది. ఉట్నూర్ నుంచి లోపలికి పోయే జీపుల్లో మనుషుల మీద మనుషులు ఎక్కుతారు, శంకరవ్వకు ఊపిరాడదు, కడుపులో తిప్పుతుంది. అందుకే అంది, “నీ బండి మీదనైతే వస్త బిడ్డా” అని. ఏదో అనాలని అన్న మాటే. నవనీత దాన్ని పట్టుకొని కూర్చుంది.

మొదటి షాపులో, లోపల అడుగు పెట్టగానే గులాబీ రంగు స్కూటర్ల దగ్గరికి తీసుకుపోయారు. నవనీత ఏం కావాలో చెప్పింది. షాపు మనిషి విని, బుచ్చిరాములు వైపు తిరిగి, సార్‌కు ఏ రంగు ఇష్టమని అడిగాడు. అక్కడి నుంచి బయటికి వచ్చేశారు.

రెండో షాపులో అది కనిపించింది. మట్టిరంగులో, సన్నగా, ఎత్తుగా ఉంది. ముందు చక్రం పెద్దది, చువ్వలది. మెరిసేది ఏమీ లేదు. అరుణ్‌కుమార్ అనే నడివయసు మనిషి వచ్చి బండి గుణాలన్నీ చెప్పాడు. చెప్పినంతసేపూ బుచ్చిరాములుకే చెప్పాడు. చివరికి తాళంచెవి కూడా అతని చేతిలోనే పెట్టి, ఎక్కి చూడమన్నాడు. జీవితంలో మోపెడ్ తప్ప ఏదీ నడపని బుచ్చిరాములు, కాదనలేక ఎక్కాడు. ఎక్కాక అతని కాళ్ళు నేలకు అందలేదు. బండి ఒక పక్కకు ఒరుగుతుంటే నవనీత వచ్చి హ్యాండిల్ పట్టుకుంది.

“గుర్రం లెక్కున్నదిరా అయ్యా,” అన్నాడు అతను దిగి చెమట తుడుచుకుంటూ. “దీని మీద కూసుంటే మా ఊరు మొత్తం కనవడుతది.”

అందరూ నవ్వారు. అరుణ్‌కుమార్ మొదటిసారి నవనీత వైపు తిరిగి, “మేడం, మీరు నడుపుతరా?” అన్నాడు.

నవనీత ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఆమె హెల్మెట్ తీసినప్పుడు శంకరవ్వ కూతురి మొహం చూసి గుర్తుపట్టింది. చిన్నప్పుడు గోదావరిలో మొదటిసారి మునిగి లేచినప్పుడు ఇదే మొహం. “గుంతలల్లకు కావాల్నని దించిన అవ్వా,” అంది. “ఏం తెలుస్తలేదు. నీళ్ళ మీద పోయినట్టున్నది.” అంటూనే బండి ట్యాంకు మీద అరచెయ్యి వేసి నిమిరింది, దూడను నిమిరినట్టు. “నువ్వు గూడ కూసోని చూడు.”

శంకరవ్వ కూర్చోబోయింది. ఎప్పటిలాగే ఒకపక్కకు. వెనక సీటు ఆమె నడుముకంటే ఎత్తుగా ఉంది. బుచ్చిరాములు చెయ్యి అందిస్తే ఎక్కి కూర్చుంది గానీ, ఆ సీటు సన్నగా, ముందుకు వాలి ఉంది. రెండు కాళ్ళూ ఒకే దిక్కు పెట్టుకునే చోటే లేదు. బండి కదలకముందే జారింది. నవనీత నడుం పట్టుకొని దించింది.

“అమ్మా, గిది ఒకపక్క కూసునే బండి కాదు,” అన్నాడు అరుణ్‌కుమార్, ఈసారి మర్యాదగానే. “రాళ్ళల్ల పోతే పడిపోతరు. కాళ్ళు రెండు దిక్కుల ఏసి కూసుంటేనే.”

“మా వదినె గట్ల కూసుంటదా?” అన్నాడు బుచ్చిరాములు. “గీ వయసుల?”

శంకరవ్వ చీర సర్దుకుంది. నవనీత తల్లి వైపు ఒకసారి, బండి వైపు ఒకసారి చూసింది. తర్వాత ట్యాంకు మీద ఉన్న చెయ్యి మెల్లగా తీసింది.

“పోనియ్ చిన్నబాపు. స్కూటర్లే చూద్దాం. ఎత్తు తక్కువది ఏదన్న మంచిగుంటది,” అంది బుచ్చిరాములుతో. గొంతులో బాధ లేదు. అలక లేదు. మార్కెట్లో టమాటలు పుచ్చిపోతే వంకాయలు తీసుకుందామన్నట్టు అంది.

ఆ చెయ్యి తీసిన తీరు శంకరవ్వకు తెలుసు. అది తనదే. కొత్త చీరల మూటలో నుంచి ఒక్క చీర నచ్చి చేతిలోకి తీసుకొని, కైలాసం “అది అమ్మకానికి” అనకముందే మళ్ళీ మడతలో పెట్టినప్పుడు అట్లనే తీసింది చెయ్యి. తమ్ముడి పెళ్ళికి రెండు రోజులు ముందు పోదామనుకొని, అత్తకు వంట ఎవరు చేస్తారన్న మాట రాకముందే సంచి విప్పినప్పుడు అట్లనే. ఎవరూ కాదనకముందే తనే కాదనుకోవడం, ఆ తర్వాత మొహం మీద ఏమీ లేకుండా పనిలో పడటం. దాన్నే అందరూ శంకరవ్వ మంచితనం అన్నారు. ఆమె కూడా నమ్మింది. ఆ మంచితనాన్ని తను కూతురికి నేర్పలేదు. అక్షరాలు తనకే రాలేదు, కూతురికి ఏం నేర్పుతుంది? కానీ పిల్ల చూసింది. తల్లి చెయ్యి ఎప్పుడెప్పుడు ఏ వస్తువు మీది నుంచి ఎట్లా లేచిందో, పొయ్యి దగ్గర కూర్చొని, అన్నం తింటూ, జడ వేయించుకుంటూ పిల్ల అంతా చూసింది. ఇప్పుడు ఇంత చదివి, ఇంత ఉద్యోగం చేస్తూ, ఒర్రెలో మోకాలి లోతు నీళ్ళలో నిలబడి పిల్లల టీకాలు తడవకుండా పట్టుకున్న మనిషి, తల్లి కాళ్ళ కోసం తన బండి వదిలేస్తోంది. వచ్చే వానాకాలం మళ్ళీ ఆ నీళ్ళలోనే నిలబడుతుంది. నాకెందుకు చెప్పలేదంటే, నువ్వు ఫికర్ చేస్తావని చెప్పలేదంటుంది. అది కూడా తన మాటే.

“బాత్రూం ఎక్కడున్నది?” అని అడిగింది శంకరవ్వ.

వెనక వైపు నేల తుడుస్తున్న ఆమె చూపించింది. శంకరవ్వ లోపలికి పోయి తలుపు వేసుకుంది. కుచ్చిళ్ళు విప్పింది. లంగా మోకాళ్ళ దాకా ఎత్తి నడుములో దోపింది. తన తల్లి రోజూ గోసి పెట్టి కట్టేది, పొలంలోనైనా పెళ్ళిలోనైనా. చీర కొసను కాళ్ళ నడుమ నుంచి వెనక్కి తీసి, నడుముకు గట్టిగా దోపి, ఆ కట్టుతోనే నాట్లు వేసింది, చెట్టెక్కి చింతపండు రాల్చింది, ఎడ్లబండి తోలింది. శంకరవ్వ కూడా పెళ్ళి దాకా నాట్లకు అట్లనే కట్టుకుంది. అత్తగారింట్లో, గోసి కూలివాళ్ళ కట్టు అన్నారు. ఆమె చేతులు మరిచిపోయి ఉంటాయనుకుంది. మరిచిపోలేదు. బయటికి వచ్చి చూస్తే వెనక దోపింది కొంచెం వదులైంది. నేల తుడుస్తున్న ఆమె అడగకుండానే తుడిచే కర్ర పక్కన పెట్టి వచ్చి, కొసను గట్టిగా లాగి దోపింది.

“ఇప్పుడు ఊడదు,” అంది. “మాది ఆదిలాబాద్ దిక్కు. మా అవ్వోళ్ళు గిట్లనే కడుతరు.”

శంకరవ్వ షోరూంలోకి వచ్చేసరికి మిగతా ముగ్గురూ స్కూటర్ల దగ్గర ఉన్నారు. బుచ్చిరాములు ముందు చూశాడు. అతని నోట్లో ఏదో మాట తయారైనట్టు కనిపించింది. ఆమె అతని దగ్గరికి నడిచి, చెప్పులు విప్పింది.

“రాములూ, జర ఇవి పట్టుకో. జారుతున్నయి.”

అతను పట్టుకున్నాడు. రెండు చేతుల్లో వదినె చెప్పులు పట్టుకొని నిలబడ్డాడు. తయారైన మాట ఎటు పోయిందో గానీ, కాసేపటికి ఇంకో మాట వచ్చింది. “అచ్చం మీ అవ్వ లెక్కున్నవ్ వదినె,” అన్నాడు మెల్లగా. “మా అన్న పెండ్లినాడు ఎడ్లబండి తోలుకొచ్చింది జూడు, గట్ల.”

శంకరవ్వ మట్టిరంగు బండి దగ్గరికి పోయింది. కాలు పెట్టే చోటు చూసుకొని, ఒక పాదం దాని మీద ఆనించి, వెంట వచ్చిన కూతురి భుజం పట్టుకొని, రెండో కాలు అటు వేసింది. మోకాళ్ళు రెండూ బండికి ఆనాయి. బర్రె వీపు గుర్తొచ్చింది. జారలేదు.

“అవ్వా, నాకోసం చెయ్యకు,” అంది నవనీత.

“నీకోసం కాదు. ఎక్కు.”

అరుణ్‌కుమార్ ఇంకో హెల్మెట్ తెచ్చి ఇచ్చాడు. బండి షోరూం మెట్టు దిగి రోడ్డెక్కింది. మొదట్లో శంకరవ్వకు కళ్ళు తిరిగినట్టయింది. పక్కన జారిపోవలసినవన్నీ ఎదురుగా వస్తున్నాయి. లారీలు, ఆటోలు, ఎండ, మనుషులు, అన్నీ నేరుగా తన మీదికే వచ్చి, దగ్గరికి రాగానే రెండుగా చీలి అటూ ఇటూ పోతున్నాయి. ఇన్నేళ్ళూ ఆయన ఇది చూస్తూ పోయాడన్నమాట. ఒక్కడే చూశాడు. పాపం, చెప్పాలని కూడా తోచలేదు ఆయనకు. గాలి చీర అంచును కదిలించలేకపోయింది. అరికాళ్ళ కింద ఇనుము వెచ్చగా ఉంది. ఊరి బయటి మలుపు దగ్గర నవనీత ఒక చెయ్యి వెనక్కి చాపి తడిమింది, తండ్రి లాగానే. ఆమె ఆ చెయ్యిని ఒకసారి నొక్కి, హ్యాండిల్ వైపు తిరిగి పంపింది.

“భయమైతుందా అవ్వా?”

శంకరవ్వ తల పైకెత్తింది. దూరంగా రోడ్డుకు అడ్డంగా, పచ్చటి బోర్డు ఒకటి ఎత్తుగా కనిపిస్తోంది. దాని మీద తెల్లటి అక్షరాలు. ఇంకా చాలా దూరంలో ఉంది. మొదటి అక్షరం ‘ల’ అని తెలిసింది. దాని తర్వాతది కూతురి హెల్మెట్ వెనక దాక్కుంది.

“భయం లేదు,” అంది. “జర తల పక్కకు వంచు బిడ్డా. ఏ ఊరొస్తుందో నేను చదువుతున్న.”