వెనక మెట్లు

హాస్టల్లో అందరూ ఆమెను రేపమ్మ అనేవాళ్లు. థీసిస్ ఎంతవరకు వచ్చిందని ఎవరడిగినా "రేపు మొదలుపెడుతున్నా" అనేది కాబట్టి ఆ పేరు. మొదట్లో ఆమె కూడా నవ్వేది. ఆ పేరు పెట్టిన రూమ్మేటు తన పని ముగించుకుని, పరుపు చుట్టేసి వెళ్లిపోయాక అలా పిలిచేవాళ్లు కూడా లేకుండా పోయారు. కొత్తగా చేరిన పిల్లలు ఆమెను అక్కా అనాలో మేడమ్ అనాలో తేల్చుకోలేక, చూసీ చూడనట్టు పక్కకి తప్పుకునేవాళ్లు.

ఆమె పరిశోధన మట్టి మీద. ఏ రకం మట్టిలో నీళ్లు ఎంత వేగంగా ఇంకుతాయో కొలవడం. కొలవడంలో ఆమెకు బద్ధకం లేదు. ల్యాబులో గాజు గొట్టాల ముందు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కదలకుండా కూర్చుని లెక్కలన్నీ రాబట్టింది. ఇక రాయడమే మిగిలింది. అక్కడే చెయ్యి ఆగిపోయింది.

ల్యాప్‌టాప్ తెరిస్తే చాలు, లోకంలోని పనులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చేవి. కీబోర్డు సందుల్లో దుమ్ము తుడిచేది. ఉతికిన దుప్పటినే మళ్లీ ఉతికేది. ఫైలు పేరు మార్చేది, అక్షరాల సైజు మార్చేది, మార్జిన్లు సరిచేసేది. లోపల మాత్రం ఒక్క వాక్యం పెరిగేది కాదు. అయినా సాయంత్రమయ్యేసరికి రోజంతా మూటలు మోసినట్టు ఒళ్లు హూనమయ్యేది.

దీనికొక మొదలుంది. మొదటి చాప్టరు రాసి గైడు చేతికిచ్చినప్పుడు ఆయన "చూసి చెబుతానమ్మా" అన్నాడు. చెప్పలేదు. వారం చూసింది, నెల చూసింది. బాగాలేక, ముఖం మీద చెప్పలేక ఊరుకున్నాడని తనే తీర్పు ఇచ్చేసుకుంది. అప్పట్నుంచి ఆయనకు ముఖం చాటేసింది. డిపార్టుమెంటు ముందు మెట్లు ఆయన గది పక్కగా పోతాయి. అందుకని ల్యాబు వెనకున్న తుప్పు పట్టిన ఇనుప మెట్లెక్కి వెళ్లేది.

ఇంటి నుంచి ఫోనొస్తే అదింకో గండం. "అయిపోయిందా?" అని అడిగీ అడిగీ, ఒకరోజు అమ్మ అడగడం మానేసి నిట్టూర్చింది. ఆ నిట్టూర్పు వినలేక "ఇచ్చేశానమ్మా, రిజల్టు రావాలంతే" అనేసింది. అమ్మ పొంగిపోయి పిన్నికీ, అత్తయ్యకీ, పక్కింటివాళ్లకీ అందరికీ చెప్పేసింది. ఆ తర్వాత ఇంటికి వెళ్లడానికే భయమేసింది. సెలవుల్లో అందరూ సంచులు సర్దుకుని పోతే, ఆ వరండా పొడుగునా తాళాలు వేసిన తలుపుల మధ్య ఆమె గదొక్కటే తెరిచి ఉండేది. రోజంతా నోరు విప్పే పని లేక, మెస్సులో వడ్డించేవాడితో "చాలు" అన్నప్పుడు తన గొంతు తనకే కొత్తగా వినిపించేది.

ఒక మధ్యాహ్నం, వాన పడుతుండగా, ఆ ఇనుప మెట్లెక్కుతుంటే పైనుంచి ఎవరో దిగుతున్న చప్పుడైంది. తలెత్తితే గైడు. చంకలో బ్యాగు, చేతిలో గొడుగు. వెనక్కి పరిగెడదామంటే మెట్లు జారుతున్నాయి. చిత్రమేమిటంటే ఆయన కూడా ఒక మెట్టు వెనక్కి ఎక్కాడు.

"నువ్విటు వస్తావా?" అన్నాడు.

"మీరిటు వస్తారా సార్?" అంది.

ముందు బయటపడింది ఆయనే. "నీ చాప్టరు నేనింకా చదవలేదమ్మా. నీకు ఎదురుపడలేక ఇటు తిరుగుతున్నాను."

"బాగాలేదేమో అనుకున్నాను సార్."

"చదివితే కదా తెలిసేది! మొదట ఒక వారం ఆలస్యమైంది. ఇంత ఆలస్యం చేసి పైపైన చూస్తే ఏం మర్యాద, తీరిగ్గా చదువుదామనుకున్నా. ఆ తీరికే దొరకలేదు."

ఆమెకు నవ్వొచ్చింది. ఆపుకుందామన్నా ఆగలేదు. ఆయన తెల్లబోయి చూసి, తర్వాత తనూ నవ్వేశాడు. నవ్వు తగ్గాక ఆమె చెప్పేసింది. "రెండోది నేను మొదలే పెట్టలేదు సార్. ఇంట్లో మాత్రం అంతా ఇచ్చేశానని చెప్పాను."

ఆయన తిట్టలేదు. "సరే, రేపు నా గదికి రా" అన్నాడు.

"రేపు వద్దు సార్. ఇప్పుడే వస్తాను."

ఆయన గదిలో పక్క టేబుల్ మీది పుస్తకాలు కిందికి దించి చోటు చేశాడు. ఆయన ఎర్ర పెన్ను పట్టుకుని ఆమె చాప్టరు తీశాడు. ఆమె ల్యాప్‌టాప్ తెరిచింది. ఉతకడానికి దుప్పట్లు లేవు, కడగడానికి గిన్నెలు లేవు. చాలాసేపటికి నాలుగు వాక్యాలు పడ్డాయి.

"చెత్తగా వస్తున్నాయి సార్."

"రానీ. నేనిక్కడ చదువుతున్నవీ అంత గొప్పగా లేవు. అయినా చదువుతున్నానుగా!"

ఆ మాటే ఇంతకుముందు అనుంటే నెల రోజులు మంచం దిగేది కాదు. ఇప్పుడు తల వంచుకుని ఐదో వాక్యం రాసింది.

అక్కణ్నుంచి రోజూ మధ్యాహ్నాలు అలాగే గడిచాయి. ఇద్దరి మధ్యా పెద్దగా మాటలుండేవి కావు. ఆయన కాగితం తిప్పే చప్పుడు, అప్పుడప్పుడు ఒక దగ్గు, అంతే. పక్కన ఒక మనిషి ఊపిరి పీలుస్తుంటే చాలు, ఆమె వేళ్లు కదిలేవి. ఒక సాయంత్రం అటెండరు కిటికీలు మూయడానికొచ్చి "సార్ ఇవాళ రానేలేదు కదమ్మా, ఎవరికోసం కూర్చున్నారు?" అన్నాడు. ఆమె తలెత్తి చూసింది. కుర్చీ ఖాళీ. పొద్దుపోయేదాకా ఆ సంగతే గమనించలేదు.

ఆఖరికి బైండు చేయించిన ప్రతులు ఆఫీసులో ఇచ్చింది. గుమాస్తా ముద్ర కొట్టి, ముఖం కూడా చూడకుండా "తర్వాత ఎవరు?" అన్నాడు. తర్వాత ఎవరూ లేరు.

బయటికొచ్చి అరుగు మీద కూర్చుంది. గైడు పరీక్షల పని మీద వేరే ఊళ్లో ఉన్నాడు, ఫోనెత్తలేదు. రూమ్మేటుకు మెసేజ్ పెడితే ఒక బొటనవేలి బొమ్మ వచ్చింది. ఇక మిగిలింది అమ్మే.

"అమ్మా, ఇవాళ థీసిస్ ఇచ్చేశాను."

"అదేంటే, ఎప్పుడో ఇచ్చావుగా?"

"అప్పుడు ఇవ్వలేదమ్మా. అబద్ధం చెప్పాను."

అటువైపు కుళాయి నీళ్ల చప్పుడు ఆగిపోయింది.

"నేను ఊరందరికీ చెప్పుకున్నానే," అంది అమ్మ చివరికి. "ఇప్పుడు నిజంగా ఇచ్చావు. ఎవరికి చెప్పుకోను?"

అమ్మ ఫోన్ పెట్టేస్తుందని ఆమె అనుకుంది. పెట్టలేదు.

"ఇంతకీ దేని గురించి రాశావే? నువ్వెప్పుడూ చెప్పలేదు."

అమ్మ కూడా ఎప్పుడూ అడగలేదు. అయిపోయిందా అనే అడిగింది.

"మట్టి గురించమ్మా. వానొస్తే నీళ్లు లోపలికి ఎలా దిగుతాయో, కొన్నిచోట్ల ఎందుకు దిగవో..."

ఆమె చెప్పుకుంటూ పోయింది. అర్థమవుతోందో లేదో గానీ, అమ్మ ఊ కొడుతూనే ఉంది.