తిట్లకు తేరిన నీళ్లు

ఆత్మకూర్ దాటినంక పెద్ద కాలువ ఒడ్డున తొమ్మిది బంగ్లలున్నయి. తొమ్మిదిట్లనూ ఈతకు పూల్ ఉంది. ముంగట కాలువ పారుతుంటే వాకిట్ల మల్ల నీళ్లెందుకని నాగులమ్మ ఎన్నడూ అడగలే. అసలు "పూల్ పని" ఉందంటే పూల పని అనుకొని గంప పట్టుకొని వచ్చిన మనిషి ఆమె.

రోజూ పొద్దుగాల కట్టెకు కట్టిన జాలితోని ఆకులు తీస్తది, బ్రష్షుతోని గోడలు రుద్దుతది, ఆఖరుకు గట్టు మీద నిలవడి నీళ్లను తిడ్తది. తిట్టంగనే నీళ్లు తేరుకుంటయి, అడుగున వడ్డ చెవికమ్మ సుత కనవడుతది. బంగ్లలోళ్లు మందుపొడి కొనుడే బందు వెట్టిన్రు. తిట్లు ఊకెనే వస్తయి గదా.

తొమ్మిదో బంగ్ల అమరేందర్‌ది. ఆయనకు భాష మీద మహా పట్టింపు. పెండ్లయిన కొత్తలనే భార్య సుహాసినితోని, నలుగుర్ల మీ పాలమూరు మాటలు మాట్లాడొద్దని చెప్పిండు. పదకొండేండ్ల సంది ఆ పిల్ల నోరు మూసుకొనే ఉంది, పాపం. గా ఆదివారం హైదరాబాద్ నుంచి పెద్దమనుషులు వస్తున్నరని ఆయన నాగులమ్మను పిలిచిండు. నీళ్లను తిట్టుడైతే తప్పదు గాని మర్యాదగా తిట్టాలన్నడు.

నాగులమ్మ గొంతు సవరించుకున్నది. "నీళ్లుగారూ, దయచేసి తేటగా ఉండండి."

నీళ్లు పచ్చగయినయి. ఇంకోసారి బతిమాలితే కప్పలొచ్చినయి.

కార్లు వచ్చేసరికి నీళ్లు తేరకపోతే రేపటి సంది రావద్దన్నడు అమరేందర్. తక్కిన ఎనిమిది బంగ్లలోళ్లకు సుత చెప్తనన్నడు. పాత తిట్లు తిడ్తనంటే అదీ వద్దన్నడు. ముందుకు పోతే నుయ్యి, వెనకకు పోతే గొయ్యి. గీ పని పోతే పత్తి ఏరనీకి వోవాలె, నడుమేమో వంగదాయె. నాగులమ్మకు ఏడుపొచ్చింది.

గంతల్నే గేటుకాడ హారన్ మోగింది. వంటింట్లకెల్లి సుహాసిని కొంగు నడుముకు చెక్కుకొని వచ్చి గట్టు మీద నిలవడి నీళ్ల దిక్కు వేలు సూపింది.

"ఏమే, నీ మొగాన మన్నువడ! ఎండ కావల్నంత, కాలువ పక్కకే, ఇంకేం తక్కువైందే నీకు? ముసల్దాని పొట్ట కొడ్తవా? సిగ్గు శరముందా? తేరుతవా, తోడి పారవొయ్యాల్నా?"

కప్పలు ఎగిరి కాలువల వడ్డయి. నీళ్లు అద్దమోలె తేరినయి.

అమరేందర్ ఉరికొచ్చి ఏదో అనవోయిండు. వచ్చిన పట్నపోళ్లు గేటుకాడనే నిలవడి సూస్తున్నరు. పదకొండేండ్లు ఆపుకున్న నోరు ఒక్క పూల్ కాడ ఆగుతదా?

"నువ్వు సుత జర తేరుకో" అన్నది సుహాసిని. "అవ్వ యాడికీ వోదు. నేను గిట్లనే మాట్లాడ్త. నచ్చకుంటే చెవులు మూసుకో."

ఆయన మొగంల ఏదో నాచు కొట్టుకపోయినట్టయింది. నోరు తెరిస్తే ఎన్నేండ్ల సందో దాచిపెట్టిన వాళ్ల నాయిన యాస బయటికొచ్చింది. "గట్లనే తియ్యి, నేనేమన్న వద్దన్ననా?"

నాగులమ్మ కండ్లు తుడుసుకొని జాలి భుజాన వేసుకున్నది.

"నీళ్లను నేను జూస్కుంట బిడ్డా" అన్నది సుహాసినితోని. "ఆయనను మాత్రం రోజూ పొద్దుగాల నువ్వే తిట్టాలె."