అయిదో రీలు

నేను ఒక సినిమా రీలును. ఒంటరిదాన్ని కాదు, ఎనిమిదింటిలో అయిదోదాన్ని. నాలుగోదాని తరువాత పుట్టడమంటే ఎట్లా ఉంటుందో నన్నడగండి, చెబుతాను.

మాది ఇటలీ దేశపు దయ్యాల సినిమా. పెద్ద కథ కాదు. కొండదారిలో జోరువాన. బస్సు ఆగిపోతుంది. ఒకరి ముఖం ఒకరికి తెలియని ఆరుగురు మనుషులు దిగి, తడుస్తూ నడిచి, ఒక పాత బంగళా తలుపు తడతారు. అది మొదటి రీలు. రెండోదాంట్లో వాళ్ళకు గదులు చూపిస్తారు. మూడోదాంట్లో పై అంతస్తులో ఎవరో నడుస్తున్న చప్పుడు. నాలుగోదాంట్లో కొవ్వొత్తులు ఒకటొకటే ఆరిపోతాయి. మెట్ల మీద నుంచి తెల్ల గౌను ఆడమనిషి దిగుతుంది. దగ్గరకు వచ్చాక చూస్తే ముఖం ఉండదు. అక్కడ నాలుగోది అయిపోతుంది. అయిదోదాంట్లో అందరూ భోజనం చేస్తారు.

ఆ భోజనం రీలును నేను.

మా తల్లి నెగటివు చెప్పేది. ఆ మెట్ల సీను తీయడానికి తొమ్మిది రోజులు పట్టిందట. పొగ కోసం ఒక మనిషి, గాలి కోసం ఒక మనిషి, గౌను అంచు జారడానికి ఇంకో మనిషి. నా సీను ఒక్క పూటలో తీసేశారు. అది కూడా మధ్యాహ్నం అన్నాలు తిన్న తరువాత, డైరెక్టరు కుర్చీలో కునుకుతూ ఉండగా. పుట్టకముందే పక్షపాతం.

నాలో ఏముందో చెబుతాను. ఒక పొడుగాటి బల్ల. దాని చుట్టూ ఆరుగురు. ఆ ఇంటి ముసలి వంటమనిషి వచ్చి గిన్నెలు పెట్టి, చారు లాంటిది పోసి పోతుంది. ఆరుగురికి ఏడు గిన్నెలు పెడుతుంది. ఏడో కుర్చీలో ఎవరూ ఉండరు. వాళ్ళు మాట్లాడుకుంటూ తింటూ ఉంటే, ఆ ఏడో గిన్నెలో చారు కొంచెం కొంచెంగా తగ్గుతూ ఉంటుంది. కెమెరా దాని దగ్గరకు పోదు. ఎవరూ అరవరు. తెర మీద ఎడమ మూల, చూసేవాళ్ళు చూస్తే చూసినట్టు, లేకపోతే లేదు. నాలుగోది కేకలు పెట్టి భయపెట్టేది. నాకు ఆ విద్య లేదు. అయినా దానికంటే నేనే భయంకరమైనదాన్నని నా నమ్మకం. ఒక్కసారి, ఒక్క ఆటలో, జనమంతా ఆ గిన్నె వైపు చూస్తే చాలనుకున్నాను. నేను కోరింది అదే.

ఓడ మీద బొంబాయి వచ్చాం. మా మాటలన్నీ అప్పటికే ఇంగ్లీషులోకి మార్చేశారు. అక్కడినుంచి మద్రాసు, అక్కడినుంచి బెజవాడ, చివరకు ఒంగోలు దగ్గర ఒక టూరింగు టాకీసు. డేరా హాలు, నేల మీద ఇసుక. వెనక నాలుగు వరసల మడత కుర్చీలు. యజమాని చెంచయ్య నాయుడు. ఆపరేటరు మీరావలి. మెషీను ఒక్కటే కాబట్టి ఒక రీలు అయిపోయి ఇంకోటి ఎక్కించేదాకా లైట్లు వేసేవాళ్ళు. జనం ఆ సందులోనే లేచి తిరిగేవాళ్ళు.

ఇక చూడండి నా బతుకు. నాలుగోది పూర్తయ్యేసరికి జనానికి నాలుక పిడచ కట్టేది. లైట్లు పడగానే గబుక్కున లేచి, డేరా పక్కనే ఉన్న గురవశెట్టి సోడా కొట్టుకు పోయేవాళ్ళు. ఒక్కొక్కడూ రెండేసి గోళీసోడాలు తాగి, తెల్ల గౌను ఎట్లా దిగిందో, తనకు భయం వేయలేదని ఎట్లా నవ్వాడో, పక్కవాడికి చెప్పేవాడు. వాళ్ళు చెప్పుకోవడం అయ్యేసరికి నేను ఆడేసి ఉండేదాన్ని. ఖాళీ ఇసుక మీద ఆ ఆరుగురూ భోంచేసేవాళ్ళు.

మీరావలి కూడా తక్కువవాడు కాదు. వెలుతురు కోసం మెషీనులో కార్బను కడ్డీలు మండించాలి. నాలుగోదానికి కొత్త కడ్డీలు పెట్టేవాడు. అవి మండగా మిగిలిన ముక్కలతో నన్ను ఆడించేవాడు. దాని చీకటికి అంత వెలుతురు ఎందుకు? నా తెల్ల దుప్పటి బల్లకు కదా కావలసింది. ఒకే పెట్టెలో పక్కపక్క డబ్బాల్లో పడుకునేవాళ్ళం. దాని డబ్బా మీద మూత అరిగి మెరుస్తూ ఉండేది, అన్నిసార్లు తీసి చూసుకునేవాళ్ళు. నా మూత తుప్పుపట్టింది.

నన్ను చూసే మనిషి ఒక్కతే ఉండేది. సంతోషమ్మ. ఆడవాళ్ళ గేటు దగ్గర టికెట్లు చింపే మనిషి. నలభై దాటిన వయసు, గట్టి మనిషి. నాలుగో రీలు అయ్యాక ఇక గేటుకు ఎవరూ రారు. అప్పుడు లోపలికి వచ్చి, తెరకు దగ్గరగా ఇసుకలో కూర్చుని, నేను అయిపోయేదాకా కదిలేది కాదు. అయిపోగానే లేచి పోయేది. ఆరో రీలు వైపు కన్నెత్తి చూసేది కాదు. నాకు అంతకంటే ఏం కావాలి? ఈమెకు గిన్నె కనిపించింది అనుకున్నాను.

కనిపించిందనే రుజువైంది. ఒక ఆదివారం మొదటి ఆటలో, లైట్లు పడగానే లేవబోతున్న ఆడవాళ్ళను ఆపింది.

"కూసోండమ్మా. ఎడం పక్క ఏడో గిన్నె చూడండి. కుర్చీలో మనిషి లేకపోయినా చారు తగ్గతా ఉంటది."

ఆడవాళ్ళు కూర్చున్నారు. సోడా కొట్టు దగ్గర మగవాళ్ళు కాసేపు చూశారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఒక్కరూ బయటకు రాకపోవడంతో లోపల ఏదో జరుగుతోందని ఒకరొకరే తిరిగి వచ్చారు. నేను మొదలయ్యాను. ముసలామె గిన్నెలు పెట్టింది. చారు పోసింది. డేరాలో దగ్గు కూడా లేదు. గిన్నెలో చారు ఒక వేలు మందం తగ్గేసరికి ఎవరో ఆడమనిషి చిన్నగా, తనకు తాను చెప్పుకున్నట్టు, "తాగతా ఉంది" అంది. అంతే. కుర్చీల్లో కూర్చున్న కిరసనాయిలు డిపో ఆయన పక్కన ఖాళీగా ఉన్న మడత కుర్చీ వంక చూశాడు. లేచి, మూడు కుర్చీలు అవతల మనుషుల మధ్య ఇరుక్కుని కూర్చున్నాడు. నాలుగో రీలుకు నవ్విన మనిషే అతను.

మరునాడు మీరావలి నాకు కొత్త కడ్డీలు పెట్టాడు.

రెండు వారాలు నాది రాజ్యం. నాలుగోది ఆడుతుండగానే జనం ఉండండి ఉండండి, గిన్నె రానీ అని గుసగుసలాడేవాళ్ళు. తెల్ల గౌను ముఖం లేకుండా దిగివచ్చినా దాన్ని పట్టించుకునే నాథుడు లేడు. పెట్టెలో నా పక్కన అది మాటాపలుకూ లేకుండా పడి ఉండేది. నాకు జాలి కలగలేదు. నిజం చెబుతున్నాను, ఆనందమే కలిగింది.

కానీ మనుషులు ఒక పాడుపని చేశారు. ఆ ఏడో గిన్నెకు సంతోషమ్మ గిన్నె అని పేరు పెట్టారు. ఎక్కడ విన్నా సంతోషమ్మ గిన్నె, సంతోషమ్మ గిన్నె. ఆ గిన్నెను వేల మైళ్ళు మోసుకొచ్చింది నేను. ఆమె వేలు చూపించింది, అంతే కదా. నన్ను ఆదుకున్న ఒక్క మనిషి మీద కూడా నాకు కడుపుమంట మొదలైంది.

అది ఎక్కువ రోజులు సాగలేదు. నన్ను చూడటానికి జనం డేరాలో ఉండిపోవడంతో గురవశెట్టి సోడాలు అమ్ముడుపోవడం మానేశాయి. డేరా వేసిన స్థలం అతనిదే. అతను నాయుడి దగ్గరకు వచ్చి, మీ గిన్నెలో చారు తగ్గుతోందో లేదో నాకు తెలియదు, నా సోడాలు మాత్రం తగ్గడం లేదు, డేరా ఇంకో చోట చూసుకోండి అన్నాడట. నాయుడు నేరుగా మెషీను గదిలోకి వచ్చాడు.

"అయిదోది ఎత్తెయ్ మీరావలీ. నాలుగోది అయిపోంగానే లైట్లేసి, బాగా సేపు ఉంచు."

కథ తెగిపోదా అని మీరావలి నసిగాడు.

"ఆరు వారాలనించి ఆడిస్తా ఉండావు. చచ్చినామె ఎవరో చెప్పు చూద్దాం. నీకూ తెలవదు, నాకూ తెలవదు. ఇంక కథెందుకు?"

మీరావలి నన్ను డబ్బాలో పెట్టి, కార్బను పెట్టెల వెనక నేల మీద పెట్టాడు. మొదటి రోజు గిన్నె ఏదని జనం గోల చేశారు. రెండో రోజు ఇద్దరు ముగ్గురు అడిగారు. మూడో రోజు అడిగినవాడు లేడు. సోడాలు మోగుతున్నాయి. తెల్ల గౌను మళ్ళీ దిగుతోంది, జనం మళ్ళీ కేకలు పెడుతున్నారు. తుప్పు మూత కింద పడుకుని అన్నీ విన్నాను.

నాలుగో రోజు సాయంత్రం ఆట మొదలు కాకముందు సంతోషమ్మ నిచ్చెన ఎక్కి మెషీను గదిలోకి వచ్చింది. ఆమె అక్కడికి ఎప్పుడూ వచ్చిన మనిషి కాదు. నా కోసం వచ్చిందని నా డబ్బాలో నేను సర్దుకున్నాను.

"ముసలామెను ఎక్కడ పెట్టినావు అబ్బయా?" అంది.

నాయుడుగారి మాట నేనెట్టా కాదనేది అక్కా, అయినా గిన్నె సంగతి ఊరంతా చూసేసింది గదా అన్నాడు మీరావలి.

"గిన్నె ఎవరిక్కావాలి? ఆమె వచ్చేది మొదట్లోనే గదా, లేచి పొయ్యేవాళ్ళు అప్పటికింకా ముందర అడ్డం తిరగతా ఉంటే నా కంటికి ఆమె ఆనేది కాదు. కూసోబెట్టడానికి గిన్నె మాట చెప్పినా."

మీరావలి నూనె గుడ్డ కింద పెట్టాడు. ఎవరామె అని అడిగాడు. సంతోషమ్మ గోడకు ఆనుకుని నిలబడింది.

"మా అమ్మ మిషను బంగళాలో దొరలకు వండేది. అట్టనే తెల్ల గుడ్డ కట్టుకునేది నడుముకి. గిన్నె బల్ల మీద పెడితే పెట్టినట్టు తెలిసేది కాదు. నాకు ఏడేండ్లప్పుడు పోయింది. ఫోటో లేదు. ముఖం ఎప్పుడో మరిచిపోయినా అబ్బయా, ఎంత తలుచుకున్నా రాదు. ఈమెను చూసినాక, ఇట్టనే ఉండి ఉంటదిలే అని ఈమె ముఖమే పెట్టుకున్నా."

నా సంగతి చెప్పనా? ఆ ఏడో గిన్నె చూసి భయపడిన ఊరంతా కలిసి నాకు ఇచ్చిన ఆనందం ఆ ఒక్క మాటతో పోయింది. ఆమె నన్ను చూడలేదు. ఒక్క రోజూ చూడలేదు. ఎప్పుడో చచ్చిపోయిన ఒక వంటమనిషిని చూస్తూ కూర్చుంది. నాలుగో రీలు మీద నాకు పుట్టిన అసూయ దీని ముందు ఏపాటిది? దానికి కనీసం తొమ్మిది రోజుల శ్రమ ఉంది. ఈ అమ్మ మా సినిమాలో లేనే లేదు.

తుఫాను వానలు పట్టుకోవడంతో నాయుడు డేరా విప్పించాడు. మీరావలి పెట్టెలో ఏడు డబ్బాలు సర్ది బెజవాడకు పంపించాడు. నన్ను మరిచాడో, మరిచినట్టు ఉన్నాడో నాకు ఇప్పటికీ తెలియదు. పెట్టె పోయాక మాత్రం నన్ను పాత పేపరులో చుట్టి సంతోషమ్మ చేతిలో పెట్టాడు. ఒక రీలు తక్కువేమిటని బెజవాడలో అడుగుతారు, వెతుకుతారు, నా కోసం మనిషిని పంపిస్తారు అనుకున్నాను. ఎవరూ అడగలేదు. సినిమా ఇంకా పదకొండు ఊళ్ళు తిరిగిందట, భోజనం లేకుండానే.

సంతోషమ్మ ఇంట్లో మెషీను లేదు. పొద్దున పూట వాకిట్లో కూర్చుని నన్ను చేతులతో విప్పి, ఎండకు పట్టి, ఒక్కొక్క బొమ్మే చూసేది. ఆరుగురిని దాటేసేది. గిన్నెను దాటేసేది. ముసలామె ఉన్న చోట ఆగేది. ఒక వారం అట్లా చూసి, ఒక బొమ్మ ఎంచుకుని, బ్లేడుతో కోసింది. నొప్పి సంగతి ఎందుకు లెండి. ఆ ముక్కను ఒంగోలులో ఫోటో స్టూడియోకు తీసుకుపోయి పెద్దది చేయించింది. స్టూడియో అతను దొరసానిలా ఉందే, ఎవరమ్మా అని అడిగితే, మా అమ్మ, కాస్త తెల్లగా ఉండేది అని చెప్పిందట.

ఆ ఫోటో గోడ మీదికి ఎక్కింది, ఏసుప్రభువు క్యాలెండరు పక్కన. కాగితం పూల దండ కూడా వేసింది. ముక్కు అచ్చం మీ అమ్మదే సంతోషమ్మా అని ఇరుగుపొరుగు అనేవాళ్ళు. పాస్టరుగారు ప్రార్థనకు వస్తే ముందుగా దాని ఎదుట ఒక నిమిషం తల వంచుకుని నిలబడతారు. నేను మంచం కింద ఉంటాను.

చాలా ఏళ్ళకు మీరావలి వచ్చాడు. జుట్టు నెరిసింది, డేరాలు పోయాయి. గోడ వైపు చూసి, కళ్ళజోడు సర్దుకున్నాడు. బాగుందక్కా అమ్మ, అన్నాడు. టీ తాగుతూ మా వాళ్ళ సంగతి చెప్పాడు. పాత సినిమాలను పాత సామాను వాళ్ళు తూకానికి కొని, మందులో నానబెట్టి, వాటిలోని వెండి తీస్తారట. మా ఏడింటినీ అట్లాగే ఒకే తొట్లో వేశారట. చీకటి బొమ్మల్లో వెండి ఎక్కువ ఉంటుందట. నాలుగోదాంట్లో అంతా చీకటే కదా, అందరికంటే అదే ఎక్కువ ఇచ్చిందని పాత సామాను వాళ్ళే చెప్పారట. చచ్చేటప్పుడు కూడా నాలుగోది నాలుగోదే. నా తెల్ల దుప్పటి బల్లలో గోరంత వెండి ఉంటుందో ఉండదో. అయినా ఆ తొట్టి మీద కూడా నాకు అసూయే. అవన్నీ కలిసి పోయాయి. నన్ను పిలవలేదు.

పోయేముందు మీరావలి ఆమెను అడిగి నన్ను బయటకు తీయించాడు. సంతోషమ్మ కోసిన చోట రెండు కొసలూ తడిమి చూసి, జేబులోని జిగురు తీసి అతికాడు. పాత అలవాటు.

"సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలు పోతాయక్కా. ఒకటి లేకపోతే ఎవరికీ తెలవదు" అన్నాడు.

నాలో ఇంకా పద్నాలుగు వేల పైచిలుకు బొమ్మలున్నాయి. ఒకదాని తరువాత ఒకటి, సరిగ్గా చుట్టుకుని, దుమ్ము లేకుండా. గోడ మీద ఉన్నది ఒక్కటే. సంతోషమ్మ అన్నం తినేటప్పుడు దాని వైపు తిరిగి కూర్చుంటుంది. నాకు ఆమె వీపు కనిపిస్తుంది.