మొక్కు మోటారు

కరీం బాషాకి పాతూళ్లో కాలిన మోటార్లకి కొత్త రాగి తీగ చుట్టే షాపు ఉంది. కాలిపోయిన ఫ్యాను పొద్దున్న అతని చేతిలో పెడితే సాయంత్రానికి గిర్రున తిరుగుతుంది. అలాంటివాడు ఒక్క కారు చేయడానికి మూడేళ్లు తీసుకున్నాడంటే చేతకాక కాదు. మనసొప్పక.

కారు తల్లి జైతూన్ బీ కోసం. పసితనంలో కరీంకి టైఫాయిడ్ వస్తే, తగ్గితే కొండ మీది దర్గాలో సమాధికి చాదర్ కప్పిస్తానని ఆవిడ మొక్కుకుంది. రేపు, మాపు అంటుండగానే మోకాళ్లు పోయాయి. పెట్రోలు వాసన తగిలితే చాలు, వాంతి. డోలీ మాటెత్తితే, "నలుగురి భుజాల మీద ఎక్కేది ఒక్కసారే," అనేది. చేసేది లేక కరీం, పోర్టులో తుక్కుకేసిన బ్యాటరీ ట్రాలీ మోటారు తెచ్చి, ఓ పాత కారుకి బిగించడం మొదలెట్టాడు.

"మొక్కు తీరందే సావు కూడా నన్ను ముట్టదు. తీరిందా, హాయిగా ఎల్లిపోతాను రా," అని ఆవిడ రోజూ అనేది. ఆ మాటకి కరీం గుండె జారిపోయేది. బిగించిన బేరింగు మళ్లీ విప్పి, పాత గ్రీజు తుడిచి, కొత్త గ్రీజు పెట్టేవాడు. గ్రీజు పెట్టడానికి మూడేళ్లు పడుతుందంటే జైతూన్ బీ నమ్మినట్టే కనబడింది.

పంతొమ్మిది వందల ఎనభై ఒకటిలో, దర్గా ఉరుసు పండక్కి బండి తియ్యక తప్పలేదు. చిక్కంతా ఎత్తు దగ్గరే. మోటారుకి గాలి కొట్టే రెక్కలు దాని ఇరుసుకే ఉంటాయి. ఎత్తు ఎక్కేటప్పుడు బరువెక్కువ, వేగం తక్కువ. సరిగ్గా వేడెక్కే వేళకే గాలి ఉండదు. అందుకని కొలిమి దగ్గర తిప్పే చేతి బ్లోయరు తెచ్చి, మోటారుకి గొట్టం పెట్టాడు. తిప్పడానికి తన నేస్తం, సముద్రం మీద వేట చేసే అర్జునరావుని వెనక సీట్లో కూర్చోబెట్టాడు.

సగం కొండెక్కేసరికి మోటారులో నిప్పురవ్వలు లేచాయి. చేపల వేపుడు వాసన గుప్పుమంది. కారు ఆగిపోయింది.

"ఏటి సేసేవ్ బావా?" అన్నాడు కరీం.

"ఏటీ లేదు. పొద్దున్న కూసింత సొరసేప నూనె పోసేను. కొత్త పడవకి పుయ్యమేటి? లోపల ఆ రాగి ఎండిపోయి ఉంటే సూడలేకపోయేను."

"నీ దుంప తెగ! గ్రీజయినా నూనయినా బేరింగుకే బావా! రాగి మీద కార్బన్ ముక్కలు రాసుకుంటాయి. అది పొడిగా ఉంటేనే కరెంటు ఎల్తాది."

వెనక్కి దిగిపోవడానికి ఇంతకంటే మంచి సాకు దొరకదు. కరీం ఆ మాట అనడానికి నోరు కూడా తెరిచాడు. జైతూన్ బీ చాదర్ మూటని గుండెకి హత్తుకుని కూర్చుంది.

"ఈ ఏడూ అవదేటి రా?" అంది.

కరీం నోరు మూసుకున్నాడు. బ్యాటరీ తీగ ఊడదీసి, చొక్కా విప్పి, రాగి మెరిసేదాకా తుడిచాడు.

వేడెక్కిన మోటారు ముగ్గుర్ని లాగదు. బ్లోయరు ఆపకూడదు కాబట్టి అర్జునరావు దిగడానికి లేదు. కరీం దిగి తొయ్యాలి. స్టీరింగుకి మిగిలింది జైతూన్ బీ.

"ఈ మీట నొక్కి ఉంచు అమ్మీ. సక్రం రోడ్డు ఉన్న ఏపుకి తిప్పు."

"రోడ్డు ఎటుందో నాకు తెల్దేటి?"

కొండ మీద జనం దారిచ్చారు. ఇద్దరాడవాళ్ల ఆసరాతో ఆవిడ లోపలికెళ్లి చాదర్ కప్పించింది. ఎంతకీ రాలేదు. బయట కరీం, వేడి చూస్తున్నట్టు మోటారు మీద చెయ్యేసి నిలబడ్డాడు. ఏడుపు తన్నుకొస్తోంది. కళ్లు తుడుచుకుందామంటే చొక్కా నిండా సొర నూనె.

చివరికి వచ్చింది.

"అయిపోయిందా అమ్మీ?"

"అది తీరిపోయింది. ఇంకోటి మొక్కేను. ఈ బండి ఎక్కడా ఆక్కండా, నువ్వు దిగి తొయ్యకండా కొండెక్కిననాడు ఇంకో సాదర్ కప్పిత్తానని."

కరీం తల్లి మొహంలోకి చూశాడు.

"తొందరేటీ లేదు రా," అంది జైతూన్ బీ, కొడుకు తల నిమురుతూ. "నిదానంగానే సెయ్యి."

కరీం బావురుమన్నాడు. ఏం జరిగిందో తెలియని అర్జునరావు బ్లోయరు తిప్పుతూనే ఉన్నాడు.